ఫొటోలో ఉన్నది రాయండి

"చుక్క పెట్టెయ్ ఆపరేటరమ్మా. ఆ పెట్టెలో నువ్వేం రాస్తే ఎవురు చదవొచ్చినారు?" అన్నాడు సూపరింటెండెంటు సురేంద్రబాబు, తాగిన టీ గ్లాసు సుకుమారి కీబోర్డు పక్కన పెడుతూ.

సుకుమారి గ్లాసు తీసి కిటికీలో పెట్టింది. బల్ల మీద మిగిలిన తడిని చేతిగుడ్డతో తుడిచింది. ఆత్మకూరులో ఆ ప్రభుత్వాఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటరు, అదీ ఔట్‌సోర్సింగులో. అక్కడ అందరికీ ఆపరేటరమ్మే, పేరుతో ఎవరికీ పని పడలేదు. గ్లాసులు తీయడం ఆమె పని కాదు, తీయకపోతే ఊరుకునేవాళ్లూ లేరు. "అట్నే సార్" అంది. ఆయన అటు తిరగ్గానే చుక్క పెట్టకుండా వాక్యం రాయడం మొదలుపెట్టింది.

ఆ పెట్టె కథ చెప్పాలంటే ముందు వెబ్‌సైటు కథ చెప్పాలి. పాత వెబ్‌సైటు పేరుకు ఉండేది. ఎప్పుడో బదిలీ అయిపోయిన ఆఫీసరు అందులో ఇంకా పూలదండతో నవ్వుతూనే ఉండేవాడు. ఒక్క ఫోను నంబరు మార్చాలన్నా హైదరాబాదులో ఎవరో కంపెనీవాళ్లకు మెయిలు పెట్టాలి, ఆ తర్వాత వాళ్ల దయ, మన ప్రాప్తం. ఈమధ్య పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఆఫీసులన్నీ కొత్త పద్ధతికి మారాలని. దాన్ని సీఎమ్మెస్ అంటారు. ఎవరి ఆఫీసు సంగతులు వాళ్లే పెట్టెల్లో నింపుకోవచ్చు. శీర్షిక ఒక పెట్టెలో, విషయం ఒక పెట్టెలో, ఫొటో ఒక పెట్టెలో. ఆపరేటరు నింపితే పైవాడు చూసి అప్రూవ్ నొక్కుతాడు, లోకానికి కనిపిస్తుంది. ఉత్తర్వు రాగానే ఆఫీసులో మగవాళ్లంతా మీటింగు పెట్టుకుని ఇది చాలా ముఖ్యమైన పని అని తీర్మానించి, ఆ ముఖ్యమైన పనంతా సుకుమారి నెత్తిన పెట్టారు. పాత సైటులోని సరుకంతా కొత్తదాంట్లోకి ఆమే మోసింది, ఇల్లు మారేటప్పుడు సామాన్లు మోసినట్టు. జీతం మాత్రం పాత ఇంట్లోనే ఉండిపోయింది.

ఈ కొత్తదాంట్లో ఒక మొండిపెట్టె ఉంది. ఫొటో ఎక్కించగానే కింద తెరుచుకుని "ఫొటోలో ఉన్నది రాయండి" అంటుంది. రాస్తేగాని ఫొటో పైకి పోదు. ఆ రాసింది మామూలుగా చూసేవాళ్లకు కనిపించదు, చూపులేనివాళ్లకు వాళ్ల ఫోను చదివి వినిపిస్తుంది. మిగతా సెక్షన్లవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఒక్క చుక్క పెడితే చాలు, పెట్టె నోరు మూసుకుంటుంది.

సుకుమారి కూడా మొదట్లో చుక్కలే పెట్టేది. ట్రైనింగు క్లాసులో ఆ అలవాటు పోయింది. నేర్పడానికి వచ్చిన రాజమోహన్ గారికి చూపు లేదు. ఆయన తన ఫోనులో వీళ్ల ఆఫీసు పేజీ తెరిచి హాల్లో అందరికీ వినిపించాడు. ఫోనులోని ఆడగొంతు తాపీగా చదివింది. "చిత్రం. చుక్క. చిత్రం. చుక్క. చిత్రం. చుక్క." హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "మీ ఆఫీసులో పనులు బాగా జరగతుండాయని విన్నా. నాకు మాత్రం చుక్కలు చూపించినారు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "మీరు అనుకునేది రాయబాకండి. అందంగా రాయబాకండి. ఎవురుండారు, ఏం చేస్తుండారు, అంతే. నా బదులు మీరు చూస్తుండారనుకుని రాయండి."

ఆనాటి నుంచి సుకుమారికి చుక్క పెట్టాలంటే చెయ్యి రాలేదు.

రాయడం మొదలుపెట్టాక ఒక చిక్కొచ్చిపడింది. రాయాలంటే చూడాలి. ఇన్నాళ్లూ తాను ఎక్కించిన ఫొటోలను ఏనాడూ చూడలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. మహిళా దినోత్సవం ఫొటోలో కుర్చీల్లో మగవాళ్లున్నారు, ఆడవాళ్లు వెనక నిలబడి ఉన్నారు. గ్రామసభ ఫొటోలో సర్పంచి కుర్చీలో సర్పంచి మొగుడున్నాడు, సర్పంచి ఆయన భుజం పక్క నుంచి తొంగిచూస్తోంది. ఉన్నదున్నట్టే రాసింది. సురేంద్రబాబు చదవకుండా అప్రూవ్ నొక్కాడు. ఆయన ఏదీ చదవడు. చదివితే తప్పులు కనిపిస్తాయి, తప్పులు కనిపిస్తే పని పెరుగుతుంది. సర్వీసంతా కలిపి ఆయన సంపాదించిన జ్ఞానం అది.

అయితే ఆ చూపు ఆఫీసు తాళం వేసేటప్పుడు లోపలే ఉండిపోదు కదా. ఉదయగిరిలో బస్సు దిగి ఇంటికి పోతే అక్కడా వాక్యాలే. ఒక స్త్రీ పొయ్యి దగ్గర నిలబడి ఉంది, భుజానికి ఆఫీసు సంచి ఇంకా వేలాడుతోంది. వెనక మంచం మీద ఒక పురుషుడు పడుకుని ఫోను చూస్తున్నాడు. గడపలో ఒక పెద్దామె కూర్చుని కూరలో ఉప్పు గురించి చెబుతోంది. ఆ పురుషుడు మొగుడు ఎడ్విన్, ఉదయగిరి కొయ్య గరిటెలూ ఫోర్కులూ ఎగ్జిబిషన్లకు తీసుకుపోయి అమ్ముతాడు. పెద్దామె అత్త రెబెకమ్మ. కట్టుకున్నవాడితో పొసగక పుట్టింటికి వచ్చేసిన ఆడబిడ్డ రజిని వసారాలో గరిటెలకు గరుకు కాగితం రుద్దుతూ ఉంటుంది. అన్నాలయ్యాక ఆ గరిటెల్లో సగం సుకుమారి వాటా. నడుం పట్టేసిందని ఒకసారి అంటే, "కుర్చీలో కూర్చుని వచ్చేదానికి నడుం నొప్పేందిమే, నడుముండేది కూర్చునేదానికేగదా" అన్నాడు ఎడ్విన్. అది హాస్యమని అతని ఉద్దేశం. అందరూ నవ్వారు, సుకుమారి కూడా నవ్వింది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు, అప్పుడు నడుం నొప్పికి తోడు తలనొప్పి.

ఇంతకు ముందైతే ఎదురు చెప్పేది. ఏడాదిగా చెప్పడం లేదు. ఎందుకంటే ఏడాదిగా ఆమె ఆ ఇంటికి నేరస్తురాలు.

ఇంటి స్థలాలకు అర్జీలు పెట్టుకోమన్నారు. పట్టా ఇంటి ఆడమనిషి పేరునే ఇస్తారని తెలిసి సుకుమారి లోలోపల పొంగిపోయింది. అర్జీ ఎడ్వినే రాయించి తెస్తే సంతకం పెట్టింది. అప్పటిదాకా ఆమె పేరున లోకంలో ఏమీ లేదు. నిద్ర పట్టేముందు రోజూ ఆ లేని ఇంట్లో తిరిగేది. వంటగదికి కిటికీ పెట్టించేది, ఆ కిటికీలోంచి దుర్గం కొండ కనపడేట్టు పొయ్యిని జరిపేది. ఒకరోజు ఎడ్విన్ వచ్చి చొక్కా విప్పుతూ చెప్పాడు. "నీ పేరు కొట్టేసినారు మే. గవర్నమెంటు జీతం తీసుకునేవాళ్లకు ఇయ్యరంట."

"నాది ఔట్‌సోర్సింగు గదా" అంది.

"ఆ మాట వాళ్లకు చెప్పు పో. నాకేం చెప్తావు."

రెబెకమ్మ చీపురు కింద పడేసింది. "ఉద్యోగం ఉద్యోగమని ఊరేగితివి. నోటికాడ కూడు నేలపాలైపోయె" అంది.

ఆఫీసులోనే పనిచేస్తూ జాబితా చూసుకోలేదా అని ఎవరైనా అడగొచ్చు. మొగుడు చెప్పిన మాటను ఎవరు జాబితాలో వెతుక్కుంటారు? ఆమె నమ్మింది. తన ఉద్యోగం వల్లే ఇంటికి స్థలం రాలేదని నమ్మి, ఆ లోటు పూడ్చడానికి ఏడాది పొడుగునా వంగి వంగి పనిచేసింది. జీతం పడే ఏటీఎం కార్డు ఎడ్విన్ అడక్కుండానే అతని చేతికిచ్చింది. రజిని తన చీరలు తీసి కట్టుకుంటుంటే మాట్లాడలేదు. ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని, నా మూలంగా వీళ్లకు జరిగిన నష్టాన్ని క్షమించమని ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

సురేంద్రబాబు చుక్క పెట్టమన్న ఫొటోలు ఉదయగిరి సభవి. స్థల పట్టాలు పంచిన సభ. సాయంత్రానికల్లా సైటులో ఉండాలని పైనుంచి ఫోను వచ్చిందట. ఒక్కో ఫొటో తెరిచి పెట్టె నింపుకుంటూ పోతోంది సుకుమారి. షామియానా కింద ముసలమ్మ కాగితం అందుకుంటోంది. చంకలో బిడ్డతో ఒక తల్లి వేదిక మెట్లు ఎక్కుతోంది. తర్వాతి ఫొటో తెరిచింది. చిలకపచ్చ చీర కట్టుకున్న ఒక స్త్రీ, అని కొట్టింది. ఎర్ర అంచు, అని కొట్టబోయి ఆగింది.

ఆ చీర తనది. క్రిస్మస్‌కు అమ్మ పెట్టిన చీర. కలిగిరిలో స్నేహితురాలి పెళ్లికి పోవాలని క్రితం వారం రజిని అడిగి తీసుకుంది. "ఈ రంగు నీకంటే నాకే నప్పుతాది వదినా" అని అద్దంలో చూసుకుంది కూడా. సుకుమారి ఫొటోను పెద్దది చేసింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, రెండు చేతులా పట్టా అందుకుంటున్నది రజిని. పక్కన, కొత్త చొక్కాలో, చప్పట్లు కొడుతూ ఎడ్విన్. ఫొటోతోబాటు పంపిన పేర్ల వరుసలో ఆ పట్టా ఎవరిదో ఉంది. సుకుమారి, భర్త ఎడ్విన్.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గవర్నమెంటు కెమెరా పట్టింది.

మొదట ఆమెకు కోపం రాలేదు. సిగ్గేసింది. తనే ఏదో చూడకూడనిది చూసినట్టు గబుక్కున ఫొటోను చిన్నది చేసింది. మళ్లీ పెద్దది చేసింది. స్థలం వచ్చింది. తన పేరునే వచ్చింది. కొట్టేయలేదు. ఏడాది క్రితం చొక్కా విప్పుతూ చెప్పిన మాట అబద్ధం, అత్త విసిరిన చీపురు నాటకం. అంత తాపీగా, చొక్కా గుండీల మీద వేళ్లు ఆగకుండా చెప్పాడే. అన్నిటికంటే ఎక్కువగా గుచ్చుకున్నది స్థలం సంగతి కాదు. నేను తలొంచుకుని తిరుగుతుంటే ముగ్గురూ చూశారు. నేను వడ్డిస్తుంటే తిన్నారు. ఒక్కరికీ గొంతులో ముద్ద అడ్డం పడలేదు. ఏడాదిలో ఒక్క పూటైనా ఎవరో ఒకరు "పోనీలే, నీ తప్పేం లేదు" అని ఉంటే, అబద్ధం మీద అబద్ధమైనా, అది కాస్త జాలి అయ్యుండేది. నా తప్పు వాళ్లకు పనికొచ్చింది. నా తప్పుతో వాళ్లు ఇల్లు నడుపుకున్నారు.

ఫొటోను డ్రాఫ్టులో పెట్టి, నెట్ రాలేదని సురేంద్రబాబుకు చెప్పి, పొద్దుండగానే బస్సెక్కింది.

ఇంట్లో ముగ్గురూ వసారాలోనే ఉన్నారు. సుకుమారి సంచి దించలేదు. "సభకు పోయినారంట గదా" అంది.

రజిని చేతిలో గరిటె ఆగింది. ఎడ్విన్ మాత్రం ఫోను లోంచి తలెత్తి, "ఎవురు చెప్పినారు?" అన్నాడు.

"ఎవురూ చెప్పలే. ఫొటో వచ్చింది. సైటులో పెట్టేది నేనేగదా."

ఎడ్విన్ లేచి కూర్చుని, ఎగ్జిబిషన్లో గిరాకీ చెయ్యి జారిపోతుంటే మాట్లాడే మెత్తని గొంతుతో మొదలుపెట్టాడు. "ఇందులో నీకు పోయిందేందిమే? పేరు నీదే గదా. అర్జీలో నీ ఉద్యోగం సంగతి రాయలేదు కాబట్టి వచ్చింది, రాసుంటే నిజంగానే కొట్టేసుంటారు. రజినికి రేషన్‌కార్డు వాళ్ల ఊళ్లో ఉండాది, దాని పేరున ఇయ్యరు. దానికో గూడు కావాల. నీ పేరు, దాని మొహం. ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉండాది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా?"

"అడిగినావా?"

రెబెకమ్మ అందుకుంది. "అది నిలవనీడ లేకుండా వచ్చిందే సుకుమారీ. నీకు మొగుడుండాడు, జీతముండాది. దానికేముండాది?"

"అంతా ఉండేదాన్ని నేనైతే, ఏడాదిగా తప్పు చేసిందాన్లా ఎందుకు చూసినారత్తా? స్థలం పోగొట్టినాననే గదా. పోలేదని తెలిసి గూడా."

రెబెకమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. రజిని గరిటె కింద పెట్టి సన్నగా అంది. "చీర ఉతికి పెట్టినా వదినా."

అది క్షమాపణో ఏమో సుకుమారికి అర్థం కాలేదు. రజినిని చూసింది. మెడ ఎముకలు తేలి, గరుకు కాగితంతో వేళ్ల చివర్లు అరిగి, తనకంటే చిన్నది. ఆ పిల్ల మీద ద్వేషం పుట్టించుకోవాలని చూసింది, పుట్టలేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నే, అనుకుంది. కిటికీ ఒక్కటి దుర్గం వైపు పెట్టించుకో అని చెప్పి ఇచ్చేదాన్ని. ఇవ్వడానికైనా ముందు అది నాదని నాకు తెలియాలి కదా. ఇచ్చే చేయి కూడా వీళ్లు నాకు మిగల్చలేదు.

అదే అనుకుంటూ నిలబడితే ఎడ్విన్ దగ్గరికొచ్చాడు. ఏడాదిగా లేని ప్రేమగా ఆమె భుజం మీద సంచి తాను తీసుకున్నాడు. "అయిందేదో అయింది. ఆ ఫొటో పెట్టేది నీ చేతిలోనే ఉండాది గదా. దాన్ని తీసెయ్. లేదంటే దూరంగా తీసింది ఇంకోటి పెట్టు. చూసినోళ్లు ఎవురన్నా గుర్తుపడితే స్థలం పోద్ది, నీ ఉద్యోగం గూడా పోద్ది. ఎంతైనా నువ్వా ఆఫీసులో ఉండబట్టి సరిపోయింది."

సుకుమారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. నిన్నటిదాకా ఇల్లు పోగొట్టిన ఉద్యోగం, ఈ పూట ఇల్లు నిలబెట్టే ఉద్యోగమైంది. అప్పుడు తప్పు ఆమెది, ఇప్పుడు ఆ తప్పు తుడవాల్సిన గుడ్డ కూడా ఆమే. సంచి అతని చేతిలోంచి తిరిగి తీసుకుంది. వంట చేయలేదు. రజిని లేచి అన్నం వండింది. ఆ ఇంట్లో సుకుమారి వండకుండా అన్నం ఉడికింది ఆ పూటే, ఎవరూ చావలేదు కూడా.

మరుసటి రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెండు దారులూ తూచి చూసుకుంది. ఫొటో తీసేయడం ఎంతసేపు. ఒక నొక్కు. స్థలం ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, రజినికి గూడు ఉంటుంది. ఎడ్విన్ నాలుగు రోజులు సంచి మోస్తాడు. ఆ తర్వాత? ఆ తర్వాత ఆమె పేరు వాళ్లకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి కట్టుకునే చీర అవుతుంది. రేపు దాని మీద అప్పు తెస్తారు, ఎల్లుండి అమ్ముతారు, సంతకానికి ఎవరో ఒక ఆడమనిషి కొంగు కప్పుకుని వస్తుంది. ఫొటో పెడితే స్థలం రద్దు కావచ్చు. విచారణ వస్తే అబద్ధపు అర్జీ తన పేరునే ఉంది, తననూ నిలబెట్టి అడుగుతారు. ఉద్యోగం పోవచ్చు. ఏడాదిపాటు చేయని తప్పుకు తలొంచుకుంది, ఇక తెలిసి తెలిసి మోసే ఓపిక ఆమెకు లేదు. పోతే పోనీ అనుకోలేదు, అంత తెగువ ఆమెకు రాలేదు. భయపడుతూనే బస్సు దిగింది, భయపడుతూనే కంప్యూటరు ఆన్ చేసింది.

డ్రాఫ్టు అక్కడే ఉంది. ఎర్ర అంచు దగ్గర ఆగిపోయిన వాక్యం. రాజమోహన్ గారు చెప్పినట్టు, అనుకునేది ఒక్క ముక్క రాయకుండా, ఉన్నది రాసింది. మోసం అని రాయలేదు. అబద్ధం అని రాయలేదు. రాసి, ఒకసారి పైకి చదువుకుంది. తర్వాత ఇంకో పని చేసింది. ఆ వాక్యాలన్నిటినీ కాపీ చేసి, చూపున్నవాళ్లకు కూడా కనిపించేట్టు ఫొటో కింది పెట్టెలో పెట్టింది.

"అయిపోయిందా ఆపరేటరమ్మా? పైనుంచి రెండుసార్లు ఫోనొచ్చింది" అంటూ వచ్చాడు సురేంద్రబాబు. తన కంప్యూటరు ముందు కూర్చుని, అలవాటుగా మౌసు అప్రూవ్ మీదికి తీసుకుపోయాడు.

"ఈ ఒక్కటి చదివి నొక్కండి సార్" అంది సుకుమారి.

ఆ ఆఫీసులో ఆయన్ని చదవమని అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆశ్చర్యంగా చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, పైకే చదివాడు. "ఎర్ర అంచున్న చిలకపచ్చ చీర కట్టుకున్న ఒక స్త్రీ ఇంటి స్థలం పట్టా అందుకుంటున్నారు. ఆమె పేరు రజిని. పక్కన చప్పట్లు కొడుతున్నది ఆమె అన్న ఎడ్విన్. పట్టా ఎడ్విన్ భార్య సుకుమారి పేరున ఉంది. సుకుమారి ఈ ఫొటోలో లేరు."

ఆయన వేలు మౌసు మీద అట్లాగే ఉండిపోయింది. "ఇదేందిమ్మా ఇది? ఇంతకీ ఈ సుకుమారి ఎవురు?"

"నేనే సార్" అంది ఆమె. "ఇప్పుడు నొక్కండి."